నా చెయ్యి విరగ్గొట్టిన అత్త

మా అత్త పోయింది. పోయిన మంగళవారం పొద్దున చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఒరిగింది. నా భార్య పప్పుకు పోపు వేసి వచ్చేసరికి ఊపిరి లేదు. నేను అప్పుడు కార్ఖానాలో ఉన్నాను. బట్ట నేసే సాంచెల చప్పుడులో ఫోన్ వినపడలేదు. జేబులో అదిరితే చూసుకుని బయటికొచ్చాను. "అమ్మ పోయింది, రా" అన్నది నా భార్య.

ఆమె నాకు మేనత్త, మా నాన్నకు సొంత చెల్లె. తన బిడ్డను నాకిచ్చింది కాబట్టి రెండు తీర్లా అత్తే. ఒక మాట ముందే చెప్తాను. ఆమె ఇనుప రాడ్డుతో కొట్టి నా కుడి చెయ్యి విరగ్గొట్టింది. ఇది రాస్తున్నది అందుకే.

నాకు ఒళ్లు పెంచే పిచ్చి పద్దెనిమిదో ఏట పట్టుకుంది. మగ్గం పనికి మేము వలసొచ్చిన ఈ పట్నంలో, సలాబత్‌పురాలో ఒక బట్టల గోదాము పైన జిమ్ ఉంది. కార్ఖానాలో నా వంతు పాళీ దిగి, ఒంటి మీది నూలు దుమ్ము కడుక్కోకుండానే అక్కడికి పోయేవాడిని. పెళ్లయినా, పాప పుట్టినా అది మానలేదు. అమ్రోలిలో మాది మూడో అంతస్తులో ఒక గది, వంటిల్లు. అందులోనే ఒక మూల నా ఇనుప బిళ్లలు, రాడ్లు ఉండేవి. పాప ఊయలకు మిగిలిన జాగా ఎంతో చూసి, ఊయల కట్టడమే మానుకుంది నా భార్య.

మామ పోయిన ఏడాదికి అత్త ఊరు విడిచి మా దగ్గరికి వచ్చింది. వచ్చిన రెండో రోజే నేను ఉడికిన గుడ్లలోంచి పచ్చసొన తీసి పక్కన పడేస్తుంటే చూసింది.

"గుడ్డుల రుచంత పారేస్తివి గదరా."

"కొవ్వుంటది అత్తా. పోటీకి పనికిరాదు."

ఆమె ఆ సొనలన్నీ గిన్నెలోకి తీసుకుని, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి పొరటు చేసింది. మేము తినగా మిగిలింది కింది అంతస్తులకు పంచింది. ఆమెకు మా మెట్లన్నీ అట్లా పరిచయమయ్యాయి. మధ్యాహ్నాలు చీరలకు మెరుపు రాళ్లు అంటించే పని తెచ్చుకునేది. చుట్టూ నలుగురు ఆడవాళ్లు కూర్చునేవాళ్లు. నేను వస్తే వాళ్లకు చూపించేది. "మా అన్న కొడుకు. సూడుండ్రి, దర్వాజల పడ్తలేడు." నా ఒళ్లంటే ఆమెకు నిజంగానే గర్వం. నా తెల్లసొనలు, ఉప్పులేని కోడిమాంసం అన్నీ వేళకు ఆమే డబ్బాల్లో సర్దేది.

ఆమెకు ఎడమ చెవి వినపడదు. మామ కొట్టిన దెబ్బ. ఆ సంగతి ఆమె వాన పడ్డట్టు, కరెంటు పోయినట్టు చెప్పేది. "నీ పెండ్లాం అప్పుడు నా కడుపుల ఉండె. మీ మామ పొయ్యిల కట్టెతోటి కొట్టిండు. మా అత్త గడపల కూసోని బియ్యం ఏరుకుంట సూసింది. ఒక్క మాట అనలె. బియ్యం మాత్రం మంచిగ ఏరింది." అంత చెప్పి మళ్లీ చీర మీద రాయి అంటించుకునేది. వినేవాళ్లే చేతిలో పని ఆపేవాళ్లు.

అత్త వచ్చిన మూడో ఏడు కండలు చూపే ఒక పెద్ద పోటీకి పేరిచ్చాను. జిమ్‌లో ఒకతను ఒళ్లు తొందరగా పెంచే సూదుల గురించి చెప్పాడు. మాకు కసరత్తు నేర్పే ఉస్తాద్‌కు తెలుసు, వద్దనలేదు. మూడు నెలలు పొడిపించుకున్నాను. భుజాలు నెల నెలకూ లేచాయి. కోపమూ లేచింది. రోడ్డు మీద ఆటో అడ్డమొస్తే డ్రైవర్‌ను కాలర్ పట్టి బయటికి లాగి, ముక్కులోంచి రక్తం కారేదాకా కొట్టాను. బాత్రూమ్ తలుపు గుద్దితే చెక్క చీలింది. నేను ఇంట్లోకి అడుగుపెడితే మాటలు ఆగిపోయేవి. దాన్ని నేను మర్యాద అనుకున్నాను.

"నీ కండ్లు మారినయ్ రా" అన్నది అత్త ఒకరోజు. "ఏం తింటున్నవో అదంత నేనే వండుత. నేను వండనిది ఏదో నీ ఒంట్ల ఉన్నది."

సూది మీదికి తప్పంతా తోసేయను. చెయ్యి నాదే.

పోటీకి ఆరు రోజులుంది. ఉప్పు మానేశాను, నీళ్లు తగ్గించాను, నాలుక అట్టలా ఉండేది. పగటి పాళీ దిగి ఇంటికొచ్చేసరికి తాళం. నా దగ్గరున్న చెవితో తీశాను. డబ్బాలు ఖాళీ. అరగంట తర్వాత ముగ్గురూ వచ్చారు. పాపకు జ్వరం నూట మూడు దాటితే దవాఖానకు తీసుకుపోయారట. పాప నా భార్య భుజం మీద వాలి ఉంది. నేను పాప నుదురు ముట్టలేదు. "నా కోడికూర ఏది?" అన్నాను.

నా భార్య పాపను మంచం మీద పడుకోబెట్టి లేచింది. "పిల్లకు ఎట్లున్నదని అడుగు ముందుగాల. ఒళ్లు తప్ప నీకు ఇంకేం కనవడ్తలేదా?"

కొట్టాను. అరచేత్తోనే, కానీ ఆ అరచెయ్యి ఏం బరువులెత్తేదో నాకు తెలుసు. ఆమె తల వెళ్లి గోడ అలమర అంచుకు తగిలింది. పెదవి చీలి గడ్డం మీదుగా రక్తం జారింది. అక్కడ ఆగిపోయినా ఒక తీరు. నేను ఆగలేదు. కుడిచేత్తో ఆమె జుట్టు పట్టి పైకి లేపాను. పాప మంచం మీద లేచి కూర్చుని చూస్తోంది. ఏడవడం లేదు.

మొదటి దెబ్బ భుజం మీద పడింది. నేను తిరిగి చూసేలోపు రెండోది మోచేతి కింద పడింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. జుట్టు వదిలేశాను. అత్త రెండు చేతులతో నా డంబెల్ రాడ్డు పట్టుకుని నిలబడి ఉంది. నా ఛాతీ దాకా వచ్చే మనిషి. రాడ్డు దించలేదు.

"మా అత్త బియ్యం ఏరుకుంట సూసింది" అన్నది. "నేను సూడ. నా అన్న కొడుకు చెయ్యి లేపడని నీకిచ్చిన. ఇంకో అడుగు ముందుకేస్తె తల పగలగొడ్త."

నేను కింద కూర్చున్నాను. నొప్పి అప్పుడు మొదలైంది.

ఆటో పిలిచింది ఆమే. పాపను పక్కింట్లో పడుకోబెట్టి, మమ్మల్నిద్దరినీ ఎక్కించి, మధ్యలో తను కూర్చుంది. దవాఖానలో డాక్టర్ నా చెయ్యి చూసి ఎట్లా అయిందని అడిగితే, మిషన్ మీద పడ్డానని హిందీలో చెప్పాను.

"గిరా నహీ" అన్నది అత్త. "మైనే మారా." పడలేదు, నేనే కొట్టాను అని.

డాక్టర్ ఆమెను, నన్ను మార్చి మార్చి చూసి నవ్వాడు. తర్వాత బల్ల మీద నా పక్కనే కొంగుతో పెదవి అదుముకుని కూర్చున్న నా భార్యను చూశాడు. నవ్వు ఆగిపోయింది. ముందు ఆమెకు కుట్లు వేశాడు, నా చెయ్యి ముట్టలేదు. పోలీసులకు చెప్తావా అని ఆమెనే అడిగాడు. ఆమె కుట్ల మధ్య నుంచి మెల్లగా అన్నది, "ఇయ్యాల వద్దు. ఇంకోసారి చెయ్యి లేస్తె నేనే వస్త." ఆ మాట నాకు వినపడేలాగే అన్నది.

ఊరి నుంచి మా నాన్న ఫోన్ చేసి అరిచాడు. "చెల్లె, నా కొడుకు చెయ్యి విరగ్గొడ్తవా?" అత్త ఫోన్ కుడి చెవికి మార్చుకుని, "ఇంకోటి ఉన్నది అన్నా" అని పెట్టేసింది. ఉస్తాద్ వచ్చి, ముసలమ్మ నీ ఏడాది నాశనం చేసిందన్నాడు. ఆయన ముందే ఆమె నా సూది సీసాలన్నీ తెచ్చి మోరీలో వేసి రాడ్డుతో నలగ్గొట్టింది.

చేతికి సిమెంటు పట్టీతో ఉన్న ఆరు వారాలు నాకు అన్నం కలిపి పెట్టింది ఆమే. ముద్ద నోట్లో పెట్టేది, మాట్లాడేది కాదు. పదో రోజు అనుకుంటా, "చెయ్యి గుంజుతున్నదా?" అని అడిగింది. ఏడుపొచ్చింది. "ఏడ్వకు, అన్నం గొంతుల కొరబోతది" అన్నది. నా భార్య మాత్రం ఏడాది దాకా పాపతో, అత్త పక్కనే పడుకుంది. నేను గుమ్మం బయట గ్యాలరీలో పడుకునేవాడిని. అంతకన్నా కష్టం ఇంకొకటి. నేను తాడు మీది అంగీ తీయడానికి చెయ్యి ఎత్తినా పాప తల వంచి రెండు చేతులు అడ్డం పెట్టుకునేది. అది పోవడానికి పట్టీ విప్పిన తర్వాత ఎన్నేళ్లు పట్టిందో చెప్పలేను. పూర్తిగా పోయిందని కూడా చెప్పలేను.

పట్టీ విప్పిన రోజు అత్త ఒక మాట చెప్పింది. "ఒళ్లు పెంచుకో, వద్దన. సూది వద్దు. ఐతారం పిల్లది. పిల్లకు జరమొస్తె జిమ్ము బంద్." ఇప్పటికీ అదే నా పద్ధతి. ఐతారాలు పాపను తీసుకుని డుమస్ సముద్రం ఒడ్డుకు పోయి భజియాలు తిన్నాం. పొట్ట మీది గీతలు పోయాయి. పోనీ.

మా కింది అంతస్తులో ఒకతను తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడు. అరుపు వినపడగానే అత్త దిగిపోయి తలుపు బాదేది. ఒకసారి వాడు తలుపు తీసి ఆమెను మెట్ల మీదికి తోశాడు. ముందు పన్ను విరిగింది. నోరంతా రక్తంతో పైకి వచ్చింది. నేను పిడికిలి బిగించి లేచాను. ఆ నిమిషం వాణ్ని చంపేసేవాడినే.

ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. "నువ్వు వాన్ని కొడితె, ఆ కోపం రేపు దాని మీదనే తీస్తడు. కొట్టుడు నీకు మొదలే వచ్చు. ఊకె నిలవడుడు నేర్చుకో. నాతోని రా. చేతులు కట్టుకో. మాట మాట్లాడకు."

పోయాను. ఆమె తలుపు కొట్టింది. వాడు తెరిచి, ఆమె వెనక నన్ను చూశాడు. ఆమె లోపలికి చూస్తూ, "బిడ్డా, పైకొచ్చి అన్నం తిను" అన్నది. వాడి పెళ్లాం చెంప వాచి ఉంది. వాడి పక్క నుంచి నడిచి బయటికొచ్చింది. నేను చేతులు కట్టుకునే ఉన్నాను. పదిహేనేళ్లు ఇనుమెత్తి పెంచిన ఒళ్లు మొదటిసారి ఒకరికి అక్కరకొచ్చింది అనిపించింది. ఆ తర్వాత మా బిల్డింగులో ఎన్ని తలుపుల ముందు అట్లా నిలబడ్డామో. ఒక్కోసారి ఎవ్వరూ బయటికి వచ్చేవాళ్లు కాదు. అప్పుడూ లోపల చప్పుడు ఆగేదాకా ఆమె కదిలేది కాదు. కాళ్లు గుంజితే మెట్టు మీద కూర్చునేది.

మంగళవారం మధ్యాహ్నానికి పాడె కట్టి పైకి తేబోయారు. మా మెట్లు ఇరుకు, మలుపు దగ్గర అది తిరగలేదు. అత్తనే నిలువుగా పట్టి దించుదామని ఒకరన్నారు. నేను వద్దన్నాను. లోపలికి పోయి అత్తను రెండు చేతుల మీదికి ఎత్తుకున్నాను. ఏమీ బరువు లేదు. తల నా భుజానికి ఆనింది. ఒక్కొక్క మెట్టు చూసుకుంటూ దిగాను.

రెండో అంతస్తులో ఒక తలుపు తెరుచుకుంది, ఆ తర్వాత ఇంకొకటి. ఎవ్వరూ గట్టిగా ఏడవలేదు. చేతుల మీద చీర జిగురు, మెరుపు రాళ్లు అట్లాగే ఉన్న ఆడవాళ్లు పని మీది నుంచి లేచి గుమ్మాల్లోకి వచ్చారు. నేను దాటగానే ఒక్కొక్కరే నా వెనక మెట్లు దిగడం మొదలుపెట్టారు. మా దిక్కు ఆడవాళ్లు శవం వెంట పోరు. కింద ఉన్న పెద్దమనుషులు ఆ మాట అనబోయి, తలెత్తి మెట్ల పైదాకా చూసి, పక్కకు జరిగి దారిచ్చారు.