అత్తయ్య అప్పడాల రిజిస్ట్రేషన్

తాడేపల్లిగూడెంలో మా మేనత్త చేసే మినపప్పడాలు నోట్లో వేసుకుంటే ఇట్టే కరిగిపోతాయి. ఎన్నో ఏళ్ళుగా వాటిని అమ్ముతోంది. అయినా ఎవరైనా "వ్యాపారం బాగుందా అండీ?" అని అడిగితే ఒప్పుకోదు. "వ్యాపారమేంటండీ, ఏదో కాలక్షేపం" అంటుంది. కాలక్షేపానికి బస్తాలకి బస్తాలు మినప్పప్పు మరపట్టించే మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ వీధిలోనే ఉండే ముగ్గురు ఆడవాళ్ళు రోజూ వచ్చి ఆవిడతో పాటు అప్పడాలు ఒత్తుతారు. అత్తయ్య లెక్కలో వాళ్ళు పనివాళ్ళు కాదు, సాయానికి వచ్చినవాళ్ళు. వారం వారం డబ్బులిచ్చేటప్పుడు కూడా జీతమనే మాట రానివ్వదు. "ఉంచుకోమ్మా" అంటూ అరటిపండుతో కలిపి చేతిలో పెడుతుంది. మధ్యాహ్నం నలుగురూ కూర్చుని ఒకే కూరతో అన్నం తింటారు.

ఈమధ్య మెషీన్ అప్పడాలు చవగ్గా దిగి, ఊళ్ళో కొట్లవాళ్ళు అత్తయ్య దగ్గర తీసుకోవడం తగ్గించేశారు. సరిగ్గా అప్పుడే ఏలూరులో ఒక పెద్ద కొట్టువాళ్ళు ఈ అప్పడాలు రుచి చూసి, ఎన్ని చేసినా మేమే తీసుకుంటామన్నారు. వ్యాపారానికి రిజిస్ట్రేషన్ మాత్రం ఉండి తీరాలన్నారు. ఆ బేరం పోతే నలుగురూ చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. అత్తయ్య మాత్రం ఆ రిజిస్ట్రేషన్ ఊసే ఎత్తలేదు.

సంగతి తెలిసి పెదపాడు నుంచి బస్సెక్కి వెళ్ళాను. రిజిస్ట్రేషన్ చేయిస్తే లోన్లు, సబ్సిడీలు వస్తాయంటూ పాఠం మొదలుపెట్టాను. అసలే నాకు ఓపిక తక్కువ. నేనింత చెబుతుంటే ఆవిడ తాపీగా పిండి ముద్దకి నూనె రాస్తూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటత్తయ్యా మీ భయం? పన్నులు వేస్తారనా?"

"పన్నుల గొడవ కాదే. పనివాళ్ళెంతమంది అని అడుగుతారంట. వీళ్ళని పనివాళ్ళని ఏ నోటితో చెప్పనే? తర్వాత వీళ్ళ మొహం ఎలా చూడను?"

నా కోపం సగానికి సగం దిగిపోయింది.

అంతవరకూ తలొంచుకుని అప్పడాలు ఒత్తుతున్న ఒకావిడ కర్ర పక్కన పెట్టింది. ముగ్గురిలోకీ నెమ్మదస్తురాలు, అడిగితే తప్ప మాట్లాడని మనిషి.

"పనివాళ్ళమనే రాయించండి పిన్నిగారూ," అంది. "మొన్న మా పాపని బళ్ళో చేర్చడానికెళ్తే, తల్లి ఏం చేస్తదని అడిగారండీ. ఖాళీయేనండీ అని చెప్పొచ్చాను. తెల్లారి లేస్తే చేతులు ఖాళీ ఉండవు కదండీ నాకు. ఇంటికొచ్చాక ఏడుపొచ్చేసిందండీ."

అత్తయ్య పిండిముద్ద వదిలేసి ఆవిడ వైపు తిరిగింది. "మరి నాతో ఒక్క ముక్కైనా చెప్పలేదేమే?"

"మీరు నొచ్చుకుంటారనండీ."

వీళ్ళ మర్యాదలు తగలెయ్య! ఒకరు నొచ్చుకుంటారని ఒకరు, ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకున్నారు. ఆ పూట ఇద్దరి మీదా నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను.

మర్నాడే అత్తయ్య మంచి చీర కట్టుకుని నాతో ఇంటర్నెట్ సెంటరుకి బయల్దేరింది. కంప్యూటరు ముందు కూర్చున్నాయన ఒక్కొక్కటే అడుగుతూ టైపు చేసుకుపోతున్నాడు.

"పనిచేసేవాళ్ళు ఎంతమందండీ?"

"నలుగురండీ," అంది అత్తయ్య, తడుముకోకుండా.

"ఓనరు కాకుండా నలుగురాండీ?"

"ఓనరూ ఒత్తుద్దండీ అప్పడాలు. నాతో కలిపే నలుగురం."