గోల్‌పోస్టు వెనక విజిల్

గోదావరిఖనిలో మా స్టేడియానికి తెల్ల కుర్చీలు వేయించిన మహానుభావుడెవరో గాని, బొగ్గు ఊరు చూసిన మనిషి కాదు. రెండో ఆటకల్లా కుర్చీలు నల్లబడ్డాయి. ఇప్పుడు ఎవరు ఎంతసేపు కూర్చున్నారో ప్యాంటు వెనకభాగం చూసి చెప్పొచ్చు.

మా ఫుట్‌బాల్ క్లబ్బులో పదకొండు మందీ భూగర్భంలోకి దిగేవాళ్లే. గోల్‌కీపర్ మా బావ. లోపల వంగి వంగి నడిచి ఆయన నడుము అరిగిపోయింది. ఫైనల్ గెలిస్తే గనిలోకి దిగే పని లేని సర్ఫేస్ డ్యూటీ ఇప్పిస్తానని క్లబ్బు పెద్ద మాటిచ్చాడు. అందుకే ఆ రోజు అక్క కూడా గ్యాలరీకి వచ్చింది. ఆట సంగతి ఆమెకు తెలియదు. బంతి వలలో పడకపోతే మొగుడు నేల మీద ఉంటాడు, అంతవరకు తెలుసు.

ఇక నేను. ఏడో తరగతిలోనే బడిని వదిలేసి సార్లకు సుఖం ఇచ్చినవాణ్ణి. మంచిర్యాలలో కొన్న విజిల్ మెడలో వేసుకుని, సరిగ్గా బావ గోల్‌పోస్టు వెనక, గ్యాలరీలో అక్క పక్కన కూర్చున్నాను.

అవతల హైదరాబాద్ జట్టు. ఆఖరి నిమిషాల దాకా ఎవరికీ గోల్ లేదు. వాళ్ల పొడుగాటివాడొకడు బంతితో దూసుకొస్తుంటే, వాణ్ణి బెదరగొడదామని ఒక్కటే పొడుగ్గా ఊదాను.

వాడు బెదరలేదు. మావాళ్లే ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

గనిలో పైకప్పు కదిలినట్టు అనుమానం వస్తే, కూలీల భద్రత చూసే సర్దార్ విజిల్ ఊదుతాడు. ఎవరు ఊదారు, ఎందుకు ఊదారు అని తల తిప్పేవాడుండడు. చేతిలో పని వదిలేయాలి. అడగడాలన్నీ బయటికొచ్చాకే. ఆ అలవాటుతోనే బావ చేతులు దించేశాడు. బంతి ఆయన పక్కనుంచి మర్యాదగా వలలోకి వెళ్లింది.

మావాళ్లు రిఫరీ మీద పడ్డారు. తాను ఊదలేదని, ఆట ఆగనే లేదని ఆయన గోల్ ఇచ్చేశాడు. గ్యాలరీలో అందరికంటే ముందు లేచింది నేనే.

"ఎవడ్రా ఊదింది? సిగ్గు శరం లేదా?"

అక్క మెల్లగా అంది, "ముందుగాల మెడల తాడు లోపటికి దోపుకో."

రాత్రికల్లా ఊరంతా తెలిసింది. బావ తిట్టలేదు. అదే ఎక్కువ బాధ.

"వాడు బెదురుతడనుకున్న బావా. నువ్వెందుకు ఆగినవ్ మరి?"

"పద్దెనిమిదేండ్ల సంది గదే నేర్చుకున్న బామ్మర్దీ. ఆగినోళ్లమే ఇంటికొచ్చినం."

క్లబ్బు పెద్ద బతిమాలించుకుని, వచ్చే టోర్నీ దాకా మాట పొడిగించాడు. నాకు శిక్ష కూడా ఆయనే వేశాడు. రోజూ సాయంత్రం నేను గోల్‌పోస్టు వెనక విజిల్ ఊదాలి, మావాళ్లు ఆగకుండా ఆడాలి. మూడు రోజులు ఆగుతూనే ఉన్నారు. నాలుగో రోజు నేను ఊదినా బావ ఆగలేదు, ఎగిరి బంతి పట్టాడు. అందరం చప్పట్లు కొట్టాం.

చాయ్ ఫ్లాస్కు తెచ్చిన అక్క మాత్రం కొట్టలేదు. తిన్నగా మైదానంలోకి నడిచింది.

"మంచిగనే నేర్పుతున్నరు గని, రేపు లోపట సర్దార్ ఊదితే ఈయన ఆగుతడా?"

క్లబ్బు పెద్ద కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"డ్యూటీ పైన దొరికితే దొరికె, లేకుంటే లేదు," అంది అక్క. "దిగినోడు ఎక్కి రావాలె. నాకు గంతే."

ప్రాక్టీసు అక్కడితో బంద్. ఆటగాళ్ల అలవాటు మార్చే బదులు జనం జేబులు వెతకాలని క్లబ్బు తీర్మానించింది. గేటు దగ్గర నిలబడే పని, దొంగకు తాళంచెవి ఇచ్చినట్టు, నాకే అప్పగించారు.

టోర్నీ మొదటి రోజే నా దగ్గర గంపెడు విజిళ్లు పోగయ్యాయి.

"ఏందన్నా, విజిల్‌కు గూడ చెకింగా?" అని ఒకడు నిలదీశాడు.

"ఏం జేస్తం తమ్మీ. పోయినసారి ఎవడో తలకాయలేనోడు ఊదిండు."

లోపల బావ గ్లౌజులు తొడుక్కుంటున్నాడు. వరుసలో అక్క వంతు వచ్చింది. సంచీ తెరిచి చూపించమన్నాను. ఆమె సంచీ తెరవలేదు, చెయ్యి చాపింది.

"ముందుగాల నీ జేబులు చూపియ్."

వెనక వరుసంతా చూస్తుండగా, రెండు జేబులూ బయటికి లాగి చూపించాను.