కొండమీది గేటు

మా వదిన నడవగా చూసినవాళ్లు ఊళ్లో తక్కువ. పాలకేంద్రంలో క్యాన్లు ఎత్తేటప్పుడు, నిద్రపోయేటప్పుడు తప్ప ఆవిడ పరుగులోనే ఉంటుంది. నేను ఆవిడ ఆడపడుచుని, పక్క వీధిలో బట్టలు కుడతాను. నా నోట్లో నువ్వుగింజ నానదని అందరూ అంటారు, అననివ్వండి. వదిన తన గురించి తను చెప్పుకోదు. మా అన్నయ్య ఎవరి గురించీ చెప్పడు. ఇక మిగిలింది నేనే కదా.

మాది కొండల మధ్య ఊరు. ఏ పక్కకు పోవాలన్నా ముందు ఎక్కాలి, తర్వాత దిగాలి. పాలకేంద్రం కొండకు అవతల పెద్ద రోడ్డు మీద ఉంది. పాలవ్యాను తెల్లారేసరికే వచ్చేస్తుంది. రోడ్డు వెంట పోతే చుట్టు తిరుగుడు. అందుకని ఉద్యోగంలో చేరిన మొదటిరోజే వదిన కొండమీదుగా పరుగు లంకించుకుంది. కొత్త కోడలు అలా పోతుంటే కిటికీలోంచి చూసి మా అమ్మ గుండెలు బాదుకుంది. "దాన్నెవరు తరుముతున్నారే?" అని నన్నడిగింది. నేనేం చెప్పను? కోడలు పారిపోయిందని పక్కింటివాళ్లు తీర్పు కూడా ఇచ్చేశారు. సాయంత్రం అదే పరుగుతో తిరిగొచ్చి, చెమట తుడుచుకుంటూ వంటింట్లోకి పోయి కూరలు తరగడం మొదలుపెట్టింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఆ ఒక్క దారితో ఆవిడకు తనివి తీరలేదు. సెలవురోజుల్లో మిగతా కొండలన్నీ గాలించింది. గొర్రెలు తొక్కిన జాడలు, వాన కోసిన గట్లు, కట్టెలకు పోయేవాళ్లు మరిచిపోయిన బాటలు, అన్నిటినీ ఒకదానికొకటి కలిపి పరుగుదారులు చేసింది. ఆవిడ పద్ధతి ఒకటుంది. ఎండలో ఒకసారి, వానలో ఒకసారి, పొగమంచులో ఒకసారి పరుగెత్తి చూశాకే దారిపక్క రాళ్లమీద తెల్లరంగు చుక్క పెడుతుంది. మంచులో తనే తడబడిన దారికి చుక్క ఉండదు.

పేర్లు కూడా ఆవిడే పెట్టింది. చదునుగా, చల్లగా, అన్నీ అమర్చిపెట్టినట్టుండే దారి అల్లుడి బాట. ఎంత ఎక్కినా ఇంకా మిగిలే ఉండేది అత్తగారి మిట్ట. మా అమ్మకు కోపం వస్తుందనుకున్నాను. ఆవిడేమో ఊతకర్ర పట్టుకుని, మిట్ట మొదలు దాకా వెళ్లి చూసి, "నేను ఇంకా నిటారుగా ఉంటాను" అని మురిసిపోయింది. ముళ్లకంప కాలికి అడ్డంపడి బట్ట పట్టుకుని లాగే చోటొకటి ఉంది. అది ఆడపడుచు మలుపు. దాని గురించి నేను మాట్లాడను.

మొదట మా ఊరి ఆడవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆవిడ వెంట పడ్డారు. తర్వాత పక్క ఊళ్లవాళ్లు. ఆ తర్వాత పట్నం నుంచి రంగురంగుల బూట్లవాళ్లు. ఏడాదికొకసారి అందరూ కలిసి పరుగెత్తే ఆదివారం ఒకటి పెట్టుకున్నారు. ఆ రోజుకోసం వదిన ఏడాదంతా ఎదురుచూస్తుంది.

ఈ దారుల్లో ముఖ్యమైనవన్నీ శిఖరం దగ్గర గొర్రెల బాబాయ్ మేతబీడులోంచి పోతాయి. బాబాయ్ మాకు చుట్టమేమీ కాదు, ఊరందరికీ బాబాయే. బీడుకు ఇనపగేటుంది. ఎవరైనా పరుగెత్తుకోవచ్చు, గేటు మాత్రం వేసి పోవాలి. ఆయన పెట్టిన షరతు అదొక్కటే. కొత్తగా ఎవరొచ్చినా వదిన ముందు ఆ మాటే చెప్పేది, బూట్ల సంగతి, నీళ్ల సంగతి తర్వాత.

ఈ ఏడు పరుగుకు ఇంకో వారముందనగా ఆ గేటు తెరిచి ఉండిపోయింది. గొర్రెలు బారులు తీరి కిందికి దిగి, బాబాయ్ భార్య పెంచుకున్న క్యాబేజీ మడిని మొదళ్లదాకా నమిలేశాయి. బాబాయ్ గేటుకు గొలుసు చుట్టి తాళం వేశాడు. గేటు మూసుకుంటే శిఖరం లేదు, శిఖరం లేకపోతే పరుగూ లేదు, అల్లుడి బాట మీద అటూ ఇటూ తిరగడం తప్ప.

ఆ పొద్దున పట్నం నుంచి ఒక గుంపు వచ్చి పరుగెత్తిపోయింది. ఇంకేం, దొంగలు దొరికారు. నాకు ఒళ్లు మండిపోయింది. కుట్టుమిషను దగ్గరకు వచ్చినవాళ్లందరికీ వాళ్ల బూట్లు, వాళ్ల టోపీలు, వాళ్ల పెంపకం, ఏదీ వదలకుండా ఏకరువు పెట్టాను. మా అన్నయ్య కూడా ఔనన్నాడు, ఆయన ఔననడమే గొప్ప. వదిన మాత్రం కుక్కిన పేనులా ఉండిపోయింది. దిగులు కాబోలనుకున్నాను.

చివరికి ఒక సాయంత్రం బాబాయ్ దగ్గరకు బయల్దేరింది. మాట సాయానికి నేనూ వెళ్లాను, నాకంటే నోరున్నవాళ్లెవరున్నారు? బాబాయ్ కొట్టం ముందు ఒక గొర్రెను వెల్లకిలా మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కత్తెరతో గిట్టలు కత్తిరిస్తున్నాడు. నేను పట్నంవాళ్లను తిట్టాను. ఆయన ఇంకా బాగా తిట్టాడు. అలా ఇద్దరం కలిసిపోయాక ఆయన మెత్తబడ్డాడు. జేబులోంచి తాళంచెవి తీసి వదిన చేతిలో పెట్టాడు. మన ఊరివాళ్లు పరుగెత్తుకోండి, పట్నంవాళ్లు మాత్రం నా నేలమీద కాలు పెట్టడానికి వీల్లేదన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. పద వదినా అని చెయ్యి పట్టుకుని లాగాను కూడా.

వదిన కదల్లేదు.

"బాబాయ్, ఆ గేటు వదిలేసింది వాళ్లు కాదు. నేను."

నాకు నోట మాట రాలేదు. అది మా వీధిలో ఇప్పటికీ చెప్పుకునే సంగతి.

తలవంచుకుని, నీళ్లు నమిలి చెప్పలేదు ఆవిడ. నిలబడి, ఆయన కళ్లలోకి చూసి చెప్పింది. ఆ గేటు వాలులో ఉంది. కిందినుంచి పైకి తోసుకుపోతే తన బరువుకు తనే వెనక్కొచ్చి గడియ పడుతుంది. పైనుంచి కిందికి తోస్తే అలాగే తెరుచుకుని ఉంటుంది, చేత్తో లాగి వేయాలి. ఇన్నేళ్లూ ఆవిడ ఎక్కుతూనే గేటు దాటింది, దిగేది వేరే పక్కన. ఆ రోజు దారిని తిరగేసి పరుగెత్తితే ఎలా ఉంటుందో చూద్దామని, ఎవరూ లేవకముందే అవతలి పక్కనుంచి ఎక్కి ఇటు దిగింది. చెయ్యి అలవాటు కొద్దీ గేటు తోసి వదిలేసి, మళ్లీ కొండెక్కకుండా రోడ్డు వెంటే పాలకేంద్రానికి పోయింది. గడియ చప్పుడు వినలేదన్న సంగతి పాలకేంద్రంలో క్యాన్ మూత వేస్తున్నప్పుడు గుర్తొచ్చింది. అప్పటికే గొర్రెలు క్యాబేజీలో ఉన్నాయి. అప్పుడే చెప్పాల్సింది, దారులన్నీ పోతాయని భయమేసిందని అంది.

బాబాయ్ కత్తెర ఆపాడు. "తాళంచెవి చేతికొచ్చాక చెబుతున్నావేంటమ్మాయ్? నోరు మూసుకుని పుచ్చుకుపోవచ్చుగా."

"నేను చేసినదానికి వాళ్లకు దారి మూసి, నాకు తెరుస్తానంటున్నావు. ఆ పరుగు నాకొద్దు," అని వదిన తాళంచెవి అరుగుమీద పెట్టేసింది.

నాకు వదిన మీద కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. పట్నంవాళ్లను అన్నన్ని మాటలన్న నా నోటి మీద అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. బాబాయ్ మిగిలిన గిట్ట కత్తిరించాడు, గొర్రెను లేపి నిలబెట్టాడు, వీపు మీద తట్టి పంపించాడు.

"ఎవరు వదిలారో తెలియకనే కదా గొలుసేసింది. తెలిసిందిగా. ఇంక గొలుసెందుకు?" అన్నాడు. మళ్లీ ఇంటివైపు చూసి గొంతు తగ్గించి, క్యాబేజీ సంగతి మా ఇంటావిడకు నువ్వే చెప్పుకో, అది నా వల్ల కాదన్నాడు.

వదిన చెప్పుకుంది. ఏం మాటలు పడిందో నాకు చెప్పలేదు. మర్నాటి సాయంత్రం మాత్రం బాబాయ్ దొడ్లో వంగి, మట్టి సరిచేసి క్యాబేజీ నారు నాటుతూ కనిపించింది. నేనూ వెళ్లి పక్క సాలు పట్టుకున్నాను.

ఆదివారం అన్ని ఊళ్లవాళ్లూ, పట్నంవాళ్లూ వచ్చారు. వదిన రాతిమీదికి ఎక్కి నిలబడి, పోయినవారం గేటు తీసి వదిలింది తనేనని అందరిముందూ చెప్పింది. నేను నీళ్లివ్వడానికి శిఖరం దగ్గర గేటు పక్కన నిలబడ్డాను, బాబాయ్ ఒక బండమీద కూర్చున్నాడు. అందరికంటే ముందు వదినే వచ్చింది, ఎప్పటిలాగే. ఆవిడ వెనకే ఒక పట్నం పిల్ల, గొర్రెలు క్యాబేజీలో పడ్డ రోజు వచ్చిన గుంపులోదే. వదిన గేటు తోసి, పట్టుకుని నిలబడి, ఆ పిల్లను ముందు పోనిచ్చింది. తర్వాత గేటు వేసి, గడియ పడిందో లేదో కదిపి చూసి, అప్పుడు పరుగెత్తింది. పైకి పోయేవాళ్లకు ఆ గేటు తనే పడుతుందని ఆవిడే అందరికీ చెప్పింది, అయినా తర్వాత వచ్చిన ఒక్కరూ దాన్ని నమ్మలేదు. ప్రతివాళ్లూ ఆగడం, లాగడం, కదపడం. పొద్దుటి నుంచి ఆ టకటకకు నా గొర్రెలు మేత ముట్టలేదని బాబాయ్ నామీద విసుక్కున్నాడు.

ఆ పట్నం పిల్లే గెలిచింది. తన సొంత దారిలో వదిన రెండోదిగా దిగడం అదే మొదలు. నాకు మళ్లీ ఒళ్లు మండింది. ఇంటికి వస్తూ, గేటు పట్టుకుని మరీ ఆ పిల్లను ముందు పంపాలా అని నిలదీశాను.

వదిన ఆ ఒక్క రోజే నాతో సమానంగా నడిచింది.

"ఇన్నాళ్లూ మనం తిట్టింది ఆ పిల్లనే కదే," అంది.