నొక్కింది నేను కాదు

ఇన్నాళ్లూ నేను ఏదీ రాయకపోవడానికి కారణం ఒక్కటే, నాకు అక్షరాలు రాకపోవడం. మా అన్న బడికి పోయాడు, నేను గొర్ల వెంట పోయాను. యాభై దాటాక, మహిళా సంఘం వాళ్లు సాయంత్రం పూట బడి పెడితే నేర్చుకున్నాను. అంతకుముందు ఏ ఆఫీసుకు పోయినా వేలిముద్రే. అది కూడా నన్ను వేయనిచ్చేవారు కాదు. గుమాస్తా నా మణికట్టు పట్టుకుని, బొటనవేలు సిరాలో దొర్లించి, కాగితం మీద ఒత్తేవాడు. వేలు నాది, వేసేది వాళ్లు.

గరిడేపల్లిలో మాకు కొంచెం వరి పొలం ఉంది. సర్కారు కేంద్రంలో వడ్లు అమ్మాలంటే ఏ రోజు తేవాలో ముందే ఫోన్లో టోకెన్ తీసుకోవాలి. నా టోకెన్ మా మరిది తీసేవాడు, అదీ తన వడ్లు అమ్ముడుపోయాక, తీరిక దొరికితే. పోయిన పంటకు నా కుప్ప వానకు తడిసి మొలకెత్తింది. అందుకే, టోకెన్ల కోసం కొత్త వెబ్‌సైటు తయారవుతోందని, మాలాంటి ఆడవాళ్లతో వాడించి చూస్తారని తెలిసి నేను సూర్యాపేట పోయాను. మా తోటికోడలూ వెంట వచ్చింది. ఈ పని నా చేతికి వస్తే ఇక మరిదిని బతిమాలే బాధ ఉండదు.

బస్టాండు దగ్గర ఒక గదిలో కూర్చోబెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన మేడమ్ ల్యాప్‌టాప్ ముందు ఉంది. ఫోన్ చేతికిచ్చింది ఆమెకు సాయంగా ఉన్న కోదాడ అతను, ముప్పై ఏళ్లు ఉంటాయి. రేపటికి టోకెన్ తీసుకోండి, అంతా మీరే చేయాలి అని చెప్పారు. అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ ఊరు పెట్టాను, తేదీ పెట్టాను. కింద పచ్చ డబ్బాలో ఒక మాట ఉంది: సమర్పించు.

నా వేలు ఆగిపోయింది. కొబ్బరికాయ సమర్పించమని గుళ్లో పంతులు అంటాడు. అట్లా ఇచ్చింది మళ్లీ చేతికి రాదు. ఇది నొక్కితే నా వడ్లు ఎవరికి పోతాయి?

"హుండీల ఏస్తున్నవా అక్కా వడ్లను?" అంది మా తోటికోడలు. అందరూ నవ్వారు.

"అదేనమ్మా, ఇది నొక్కితే అయిపోద్ది," అంటూ కోదాడ అతను నా వేలు పట్టుకుని నొక్కేశాడు. తర్వాత మేడమ్ వైపు తిరిగి, "ఈవిడకి వచ్చేసిందండి," అన్నాడు. ఆమె రాసుకుంది.

నాకు ఒళ్లు మండింది. మళ్లీ అదే మణికట్టు, అదే ఒత్తుడు, సిరా ఒక్కటే లేదు.

"వచ్చింది నాకా నీకా బిడ్డా?"

"సాయం చేశానమ్మా, కోప్పడతారేంటి."

"రేపు మా కల్లం కాడికి గూడ వస్తవా సాయానికి?"

మేడమ్ సర్దిచెప్పబోయింది. "దాదాపు మొత్తం మీరే చేశారు కదమ్మా."

"దాదాపు ఏంది? కాంటా కాడ దాదాపు టోకెన్ జూపిస్తే వడ్లు తీసుకుంటరా? నాకు రాలేదని రాయుండ్రి."

తోటికోడలు నన్ను గిల్లింది. "రాలేదని రాయించుకుంటవా అక్కా, ఇజ్జత్ పోదా?"

"పోతే నాది పోతది. వచ్చిందని రాస్తే గీ మాట ఇగ గిట్లనే ఉంచుతరు. మళ్ల మా మరిది కాళ్లు పట్టుకోవాలె, నువ్వైనా నేనైనా."

మా మరిది అంటే ఆమె మొగుడే. ఆమె గిల్లిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మేడమ్ రాసింది కొట్టేసింది. ఆ మాట చూసి నేనేమనుకున్నానో అడిగింది, చెప్పాను. మరి ఏ మాట పెట్టాలని అడిగింది. "గది మీ పని. నాకు సమజ్ కాలేదు, గంతే రాయుండ్రి," అన్నాను. రేపు మిర్యాలగూడలో కూడా ఇలాగే చూస్తామని, అక్కడ ఎవరి చెయ్యీ పట్టుకోబోమని, ఏ మాటా అందించబోమని చెప్పింది. కోదాడ అతను తల ఊపాడు. ఆ తల ఊపడం మీద నాకు నమ్మకం కుదరలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి మిర్యాలగూడ పోయాను. ఎవరూ పిలవలేదు. కోదాడ అతని పక్కనే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మాడుగులపల్లి నుంచి వచ్చిన ఒకామె ఊరు పెట్టింది, తేదీ పెట్టింది, పచ్చ డబ్బా దగ్గర ఆగింది. అతని చెయ్యి లేచింది. నేను ఆ మణికట్టు పట్టుకుని, చేతిని అతని ఒళ్లోనే పెట్టి, అట్లాగే పట్టుకుని కూర్చున్నాను.