మణెమ్మక్క టైపు చేసిన నలభై పేజీలు

ఇన్నేళ్లుగా ఈ మాట గొంతు దాకా వచ్చి ఆగిపోతూనే ఉంది. మీరు నాకేమీ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

గద్వాలలో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వెలిసిన రోజుల్లో ఒక చీరల సేటుకు వెబ్‌సైటు చేసిపెట్టాను. అదే నా మొదటి పని. పేజీ అడ్రసులో 'టీఈ' అని ఉంటే తెలుగు, 'ఈఎన్' అని ఉంటే ఇంగ్లీషు రావాలి. తెలుగు పేజీలు నలభై. వాటిని టైపు చేసింది మణెమ్మక్క. నేను కూర్చునే ఇంటర్నెట్ సెంటరు పక్కనే డీటీపీ సెంటర్లో పెళ్లిపత్రికలు కొట్టేది. మగ్గాల ఇంట్లో పుట్టిన మనిషి. అంచు గురించీ కొంగు గురించీ ఆమె రాస్తే చీర చేతికి తగిలినట్టుండేది. మధ్యాహ్నం తన జొన్నరొట్టెలో సగం నాకు పెట్టేది. నాకు తోబుట్టువులు లేరు. ఆ లోటు ఆమె తెలియనివ్వలేదు.

సేటు చూడటానికి వచ్చిన రోజు మొదటి పేజీ తెలుగులో చక్కగా వచ్చింది. ఒక చీర మీద నొక్కాడు. ఇంగ్లీషు. ఇంకోటి నొక్కాడు. అదీ ఇంగ్లీషే.

"ఏందమ్మా, నెల సంది ఏం టైపు చేసినవ్?" అన్నాడు.

అక్క గబుక్కున లేచి నిలబడింది. "నిన్న నేనే ఏదో నొక్కిన సేటూ, అన్నీ పోయినట్టున్నయ్. జర మాఫ్ చెయ్యుండ్రి, మల్ల కొడ్త" అంది. నా వైపు తిరిగి, "నా వల్ల నీకు గూడ మాటొచ్చె తమ్మీ" అంది.

సేటు వెళ్లాక చూశాను. పేజీలన్నీ నా కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయి. తెలుగు పేజీలోని చీరల లింకులన్నిటికీ నేనే ఇంగ్లీషు అడ్రసులు ఇచ్చాను. అంతే జరిగింది. చెప్పడానికి నోరు రాలేదు. ఎందుకు? సేటుకు భయపడ్డానా? పని పోతుందనా? కాదు. అక్క ముందు చిన్నబోవడం ఇష్టం లేక. నేను కంప్యూటరు చదివినవాణ్ణి, ఆమె పది తప్పింది, తప్పు ఆమెదంటే ఎవరైనా నమ్ముతారని నాకు తెలుసు, చివరికి ఆమే నమ్మింది, నేను నమ్మనిచ్చాను.

ఇరవై రోజులు కూర్చుని అన్నీ మళ్లీ కొట్టింది. అప్పుడు లింకులు సరిచేశాను. తెలుగు కనిపించగానే అక్క చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, నాకు మిర్చి బజ్జీలు తెప్పించింది.

ఆ తర్వాత ఏ మీట నొక్కాలన్నా "నొక్కాల్నా తమ్మీ?" అని అడిగేది. అంతకుముందు కీబోర్డు వంక చూడకుండా కొట్టే మనిషి! ఏడాది తిరక్కుండా ఆ పనే మానేసింది. "నా చెయ్యి మంచిది గాదు" అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆ నవ్వుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

ఇప్పుడు అయిజలో ఉంటోంది. వెళ్తే అన్నం పెట్టకుండా పంపదు. "నేనెంత చెడగొట్టినా ఒక్క మాట అనలే మా తమ్ముడు" అని పిల్లలకు చెబుతుంది. తల వంచుకుని తింటాను.

ఆమెకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకైనా చెప్పనివ్వండి. అక్క ఏదీ చెడగొట్టలేదు. ఆమె చేతిని చెడగొట్టింది నేను.