మెట్టు మీది మైసమ్మ

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇప్పలగూడెంలో మాత్రం బక్కమ్మ నోరు మంచిది కాకపోబట్టే ఊరివాళ్ల కాళ్లు బాగున్నాయి. నకిరేకల్‌కు పడమటి దిక్కున, రాళ్లగుట్టల నడుమ ఉన్న ఊరది. ఇప్పుడంటే ఇంటింటికీ నల్లా ఉంది గానీ, ఆ రోజుల్లో తాగడానికి ఒక్క మెట్ల బావే దిక్కు. ఆ నీళ్ల చల్లదనం, ఆ తీపి మళ్లీ నాలుకకు తగల్లేదని ముసలివాళ్లు ఇప్పటికీ లొట్టలేస్తూ చెబుతారు. ఆ తీపితో పాటు ఏం కడుపులోకి పోయేదో మాత్రం మరిచిపోతారు.

ఆడవాళ్లు చీరలు ఎగ్గట్టి మోకాలి లోతు దాకా దిగి, కాళ్లు కడుక్కుని, ఆ నీళ్లే బిందెలకు ముంచుకునేవారు. ఎండలు ముదిరేసరికి ఊళ్లో సగంమందికి నారికురుపు. పాదం మీద పొక్కు లేచి, పగిలి, దాంట్లోంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయటపెట్టేది. ఒకటే మంట. లాగితే తెగుతుంది, తెగితే కాలు చీము పడుతుంది. అందుకే చీపురుపుల్లకు చుట్టి రోజూ కాస్త కాస్త బయటికి తీయాలి. ఆ పని బక్కమ్మది. సాలెల ఇంటి ఆడబిడ్డ, కండెకు నూలు చుట్టీ చుట్టీ నెమ్మది నేర్చిన చెయ్యి. చుట్టేముందు ఆమె కూడా అందరికీ ఒకటే మాట చెప్పేది. పోయి బావిలో కాలు పెట్టి కూర్చో, మంట చల్లారుతుంది, పురుగు కూడా సులువుగా వస్తుంది అని. తాతల నాటి నుంచి అందరూ చేసిన పనే అది.

ఆమె పెనిమిటి గుర్వయ్యకూ అదే చెప్పింది. మగ్గం గుంటలో కాళ్లాడితేనే కూడు దొరికే ఇల్లు వాళ్లది. పనికి ఆలస్యమవుతుందని గుర్వయ్య తొందరపడి పురుగును తానే లాగుకున్నాడు. అది లోపల తెగింది. కాలు చీము పట్టి, మగ్గం మీద చీర సగంలో ఉండగానే మనిషి పోయాడు. ఆ సగం చీరను బక్కమ్మ కోయలేదు, ఇంకొకరిని నేయనియ్యలేదు.

అప్పటికి ఊళ్లలో సంగం మొదలైంది. దొర వెట్టికి ఎదురు తిరిగినవాళ్లంతా సంగంలో చేరారు. బక్కమ్మ తమ్ముడు ఐలేశం అందులో ముందున్నవాడు. ఎక్కడో సంగం క్లాసులో ఒక డాక్టరు చెప్పిన ముచ్చట విని పరుగున అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, కురుపు కాలు నీళ్లల్ల పెడితే పురుగు పిల్లలు నీళ్లల్ల పడ్తయట. గవే నీళ్లు మనం తాగుతున్నం. ఏడాది తిరిగేవరకు మల్ల మన కాళ్లకెల్లే ఎల్తయి."

బక్కమ్మ వాడిని తిట్టి వెళ్లగొట్టింది. ఆ పూట అన్నం ముట్టలేదు. బావి మెట్టు మీద కాలు నీళ్లలో పెట్టుకుని కూర్చున్న గుర్వయ్యే కళ్ల ముందు కనబడ్డాడు. మరునాడు సంగంవాళ్లు బావి దగ్గరికి వచ్చేసరికి, వాళ్లకన్నా ముందే ఆమె రాట్నం తెచ్చుకుని గట్టు మీద కూర్చుని, దిగబోయినవాళ్లను ఆపుతోంది.

సంగం కట్టుబాటు పెట్టింది. బావికి గిలక బిగించారు. చేదతోనే తోడాలి, మొదటి మెట్టు దాటి ఎవరూ దిగరాదు, నీళ్లు రెండు మడతల గుడ్డలో వడగట్టకుండా తాగరాదు. మిగులు నూలుతో ఆ గుడ్డలు నేయించి ఇల్లిల్లూ తిరిగి పంచింది బక్కమ్మే. కట్టుబాటును నడిపింది మాత్రం ఆమె నోరు. ఎవడైనా పొరపాటున రెండో మెట్టు మీద కాలు పెడితే వాడి ఏడు తరాలను బావి గట్టు మీదికి పిలిచేది. తిట్టించుకున్నవాళ్లే నవ్వుకుంటూ చేద అందుకునేవారు. మరుసటి ఎండాకాలం నారి చుట్టడానికి ఆమెను పిలిచినవాళ్లు ఒకరిద్దరే. నీ పని పోయిందిగా వదినె అని ఊరంతా ఆటపట్టిస్తే, పోతే పోనీ అని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆ ఏడాది అంత సంతోషం తన బతుకులో మళ్లీ ఎరగనని ముసలితనంలో కూడా చెప్పుకునేది.

ఆ వానాకాలమే నిజాం మీద పోలీసు యాక్షన్ జరిగింది. రజాకార్ల పీడ విరగడైందని ఊరు డప్పులు కొట్టి బెల్లం పంచుకుంది. నోట్లో బెల్లం కరగకముందే, సంగం దెబ్బకు పారిపోయిన దొర మిలిటరీ లారీ ఎక్కి తిరిగొచ్చాడు. పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది. దొర కోటలాంటి గడీలో క్యాంపు పెట్టి సంగంవాళ్ల వేట మొదలుపెట్టారు. ఐలేశం అచ్చంపేట అవతల నల్లమల అడవికి పోతూ, తన గురించి ఒక్క మాట చెప్పకుండా, బాయి పైలం అక్కా అని బావిని ఆమెకు అప్పజెప్పాడు. ముందు నీ పానం పైలంరా అని తిట్టి, వడగట్టే గుడ్డ వాడి జేబులో కుక్కింది.

దొర గుమాస్తాకు బావి మీద గిలక కంటిలో నలుసైంది. ఊళ్లో ఇంకా సంగం మాటే నడుస్తోందని క్యాంపు జమేదారుకు ఎక్కించాడు. ఒకనాటి పొద్దున జవాన్లు వచ్చి గిలక పీకేశారు. ఆడవాళ్లను బిందెలతో నిలబెట్టారు. ఎప్పటిలా దిగి ముంచుకోవాలి, దిగనివాళ్లు సంగంవాళ్లే, వాళ్లను లారీ ఎక్కిస్తామన్నారు. ముందు దారి చూపమని గుమాస్తా తన వెంట ఉన్న దొర జీతగాడు లింగయ్యను తోశాడు. లింగయ్య పాదానికి పేలిక చుట్టి ఉంది. పొరుగూరి నీళ్లు తాగి తెచ్చుకున్న నారికురుపు, అప్పుడే పగిలింది.

ఆ ఒక్క కాలు నీళ్లలో పడితే చాలు, ఏడాదికల్లా ఊరు మళ్లీ మంచమెక్కుతుంది. వద్దంటే బక్కమ్మే లారీ ఎక్కాలి, తమ్ముడి జాడ చెప్పమని చావగొడతారు. లింగయ్య మొదటి మెట్టు దిగాడు. బక్కమ్మ బిందె నేలకేసి కొట్టింది. కొప్పు విప్పింది. ఒంటి మీదికి దేవత వచ్చినట్టు శిగమూగుతూ అడ్డం పడింది.

"నా మెట్టు మీద కాలు వెట్టేటోడు ఎవడ్రా? నేను బాయి మైసమ్మను. నీళ్లు తొక్కినోని ఇల్లు తొక్కుత!"

లింగయ్య ఎగిరి గట్టు మీద పడ్డాడు. గుమాస్తా ముఖం తెల్లబోయింది, చేతులు వాటంతటవే జోడయ్యాయి. తల్లీ, ఏం కావాలని అడిగాడు. మైసమ్మ పొట్టేలును అడగలేదు, కల్లు అడగలేదు. గిలక ఎక్కడిదక్కడ పెట్టమంది. ఎవరూ దిగొద్దంది. నీళ్లు గుడ్డలో వడగట్టి తాగమంది. సంగం కట్టుబాటంతా పొల్లుపోకుండా దేవత నోట వినబడుతుంటే ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నవ్వు ఆపుకోవడానికో, భయానికో ఎవరికి వారికే తెలియాలి. భాష తెలియని జమేదారు మాత్రం బూట్లు విప్పి దండం పెట్టాడు. మధ్యాహ్నానికి గిలక మళ్లీ ఎక్కింది.

అది నటనేనా అని తర్వాత ఎవరో బక్కమ్మను అడిగారు. మొదలుపెట్టింది తానేనంది. ఆఖరున ఒళ్లు అంత వణకడం ఎందుకో తనకే తెలియదంది. అప్పటినుంచి ప్రతి మంగళవారం మొదటి మెట్టుకు పసుపు పూసి బొట్టు పెట్టేది.

పోరాటం ఆపేశారన్నాక వచ్చిన ఎండాకాలంలో ఐలేశం ఇంటికి వచ్చాడు. చిక్కి శల్యమై, కుంటుకుంటూ వచ్చాడు. పాదం మీద నారికురుపు. అడవి మడుగుల నీళ్లు ఊరికే పోనిచ్చాయా? గుడ్డ ఏమైందిరా అని అక్క కసిరితే, తూటా తగిలినవాడికి కట్టు కట్టానన్నాడు.

మంట ఓర్చుకోలేక వాడు బావి దాకా నడిచి, గట్టు మీద ఆగిపోయాడు. మెట్టుకు పసుపు, బొట్టు, వాడిపోయిన బంతిపూలు. బక్కమ్మ వెనకే పరుగెత్తుకొచ్చింది. దేవుళ్లు లేరు, దయ్యాలు లేవని ఊరూరా చెప్పిన మనిషి వాడు. జరిగిందంతా చెప్పి తల వంచుకుని నిలబడింది. వాడు ఆ మెట్టు వైపు చూశాడు. నీళ్ల వైపు ఒక్క అడుగు వేయలేదు. బావికి దూరంగా పోయి రాయి మీద కూర్చుని కాలు చాపాడు. ఆమె చేదతో తోడి, చెంబుతో వాడి పాదం మీద పోసింది. చీపురుపుల్ల తీసి పురుగు కొస చుట్టడం మొదలుపెట్టింది. వాడి కళ్ల వెంట నీళ్లు కారాయి. మంటకే అనుకుంది.

"పసుపు వెట్టుడు మానకక్కా," అన్నాడు.

కొన్నేళ్లకు ఐలేశం కాలం చేశాడు. బోర్లు పడ్డాయి. బావి ఎండి తుమ్మచెట్లు మొలిచాయి. నారికురుపు అంటే ఏమిటో ఊరి పిల్లలకు తెలియకుండా పోయింది. బక్కమ్మ మాత్రం మంగళవారం వస్తే కర్ర పొడుచుకుంటూ పసుపు ముంతతో బయలుదేరేది. చుక్క నీళ్లు లేని బాయికి పసుపెందుకవ్వా అని పక్కింటి కోడలు ఒకనాడు అడిగింది. ఆ అమ్మాయిని తిట్టడానికి నోరు తెరిచి, బక్కమ్మ ఎందుకో మెత్తబడిపోయింది.

"మా తమ్ముడు మానకన్నడు బిడ్డా," అంది.