ఖాళీగా వదిలిన గడి

తొంభైల చివర్లో, మహబూబ్‌నగర్ స్టేషన్‌కు పోయే దారిలో టైర్ల దుకాణం పైనున్న గదిలో నేనూ ఇంకో అమ్మాయీ కంప్యూటర్ పని చేసేవాళ్లం. తెర మీద కనబడే ముందు భాగం ఆమెది, లోపల లెక్క నడిపే వెనక భాగం నాది. నకిరేకల్ నిమ్మకాయల వ్యాపారి ఒకాయన, బయటి ఊళ్లవాళ్లు ధర చూసుకోవడానికి వెబ్‌సైట్ కావాలని మా యజమానిని అడిగాడు. కొనేవాడు ఎన్ని బస్తాలు కావాలో ఒక గడిలో కొట్టి మీట నొక్కుతాడు. ఆ పేజీని, అందులో నడిచే జావాస్క్రిప్ట్‌ను ఆమె రాసింది. ఆ అంకె తీగ వెంబడి పక్క బల్ల మీదున్న కంప్యూటర్‌కు వస్తే, అక్కడ నా పైథాన్ ప్రోగ్రాం లెక్కగట్టి జవాబు పంపాలి.

ఆమె దర్జీ కూతురు. ఈ పని కుదిరితే ఉద్యోగం ఖాయం చేస్తానని యజమాని మాటిచ్చాడు. కుదరకపోతే ఇంట్లో కూర్చోవాల్సిందేనని ఆమె అన్నలు తేల్చేశారు. ఈ సంగతి నాకు తెలుసు. తెలిసే చేశాను.

గదిలోకి వచ్చినవాళ్లందరూ ఆమె తెర ముందే నిలబడేవారు. మీట మీదికి బాణం పోగానే రంగు మారితే మురిసిపోయేవారు. నా తెర మీద నల్లటి నేల, తెల్లటి అక్షరాలు, అంతే. ఒకసారి చాయ్ తెచ్చినతను, "నువ్వేం పని చేస్తవన్నా ఈడ?" అని అడిగాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఇప్పుడు తెలుసు.

వ్యాపారి చూడ్డానికి వచ్చే ముందు వారం ఆమె అడిగింది.

"అన్నా, ఎవరన్న గడి ఖాళీగ ఇడిసి నొక్కితె నీ దిక్కు ఏమైతది?"

"ఏంగాదు."

"నేనైతె నా దిక్కే ఆపుతున్న. ఖాళీ ఉంటె పోకుండ నాలుగు లైన్లు రాసిన."

"తీసెయ్. ముందల నువ్వు, ఎనక నేను, ఇద్దరం కావలి కాసుడెందుకు? నేను చూసుకుంట."

"పక్కానా?"

"నమ్మకం లేదా చెల్లె?"

తీసేసింది.

నేను చూసుకోలేదు. మొదట మరిచిపోయాను. అక్కడికి అది మరుపే. వ్యాపారి వచ్చే రోజు పొద్దున ప్రోగ్రాం తెరిచినప్పుడు గుర్తొచ్చింది. ఖాళీ గడి వస్తే నా ప్రోగ్రాం అక్కడే కూలిపోతుంది. సరిచేయడానికి చాయ్ చల్లారేంత సేపు కూడా పట్టదు. ఫైలు మూసేసి చాయ్ తాగాను. కూలితే అది ఆమె తెర మీదే కనబడుతుంది. కూరలో ఉప్పెక్కువైతే బంతిలో తిట్లు పడేది వడ్డించేవాడికే కదా.

వ్యాపారి కుర్చీలో కూర్చున్నాడు. గడిలో ఏమీ కొట్టకుండానే మీట నొక్కాడు. తెరంతా తెల్లబడి, పైన ఇంగ్లీషులో ఏదో తప్పు జరిగిందన్న ముక్క వచ్చింది.

"ఏమైంది బిడ్డా, పాణం పోయిందా దానికి?" అన్నాడాయన.

యజమాని ఆమె మీద పడ్డాడు. "గిదేనా ఇన్నొద్దులు చేసింది? ఖాళీగ నొక్కితె ఆపాలన్న సోయి లేదా?"

"ఆపిన సార్. అన్ననే తీసెయ్యమన్నడు."

అందరూ నా వైపు తిరిగారు.

"నేనెందుకంట సార్? ముందల చూసుకునుడు ఆమె పని. మీదికి రాంగనే నా పేరు చెప్తాంది." అది చాలక, "పేజీకి రంగులేసినంత అల్కగ అనుకున్నట్టుంది," అని కూడా అన్నాను. వ్యాపారి నవ్వాడు. యజమాని కూడా నవ్వాడు.

ఆమె నన్ను ఒకసారి చూసి, టిఫిన్ డబ్బా సంచిలో వేసుకుని మెట్లు దిగింది. రేపటి నుంచి రావద్దని యజమాని పైనుంచే అరిచాడు. కింద టైర్ల దుకాణంవాళ్లు తలలెత్తి చూశారు.

ఆ సాయంత్రమే నా వైపు సరిచేశాను. ఆమె తీసేసిన నాలుగు లైన్లు పాత ఫ్లాపీలో దొరికితే వాటినీ తిరిగి పెట్టాను. వ్యాపారి మళ్లీ వచ్చి, అంతా చూసి నా భుజం తట్టాడు.

కొన్నాళ్లకు ఆమె నాయన వచ్చాడు. కొలత టేపు మెడలో అలాగే ఉంది. ఆమె చదువుకోవడానికి మా గది నుంచి తీసుకెళ్లిన జావాస్క్రిప్ట్ పుస్తకం తెచ్చాడు. మిగులు గుడ్డతో దానికి అట్ట కుట్టి ఉంది.

"సార్, మా బిడ్డ ఏం తప్పు చేసింది? ఇంట్ల నోరు తెరుస్తలేదు. జర మీరన్న చెప్పుండ్రి. దిద్దుకునేదైతె దిద్దుకుంటది. వాళ్ల అన్నలకు నేను చెప్పుకుంట."

గదిలో ఇంకెవరూ లేరు. యజమాని భోజనానికి పోయాడు. నిజం చెప్పడానికి అడ్డేమీ లేదు.

"ఆమెకు ఈ పని రాదు, పెద్దాయనా," అన్నాను.

ఆయన తలూపాడు. పుస్తకం బల్ల అంచున జాగ్రత్తగా పెట్టాడు.

"మాఫ్ చెయ్యుండ్రి సార్. మా పిల్లతోని మీ పని ఖరాబైంది."

ఆ దర్జీ దుకాణం మీదుగా తర్వాత చాలాసార్లు పోయాను. లోపల రెండో మిషన్ పక్కన ఆమె తల వంచుకుని కాజాలు కుడుతూ కనిపించేది. నేను సైకిల్ దిగలేదు.